మైనం కింది కండ్లు

నా పర్సులో ఒక గుర్తింపు కార్డు ఉంది. ఫొటోలో నేను దొంగతనం చేసి దొరికిపోయినదానిలా ఉన్నాను. ఫొటో కింద నా పేరు, నాయన పేరు, వృత్తి అన్నచోట "రాతి పాలిష్ కూలీ, మహిళ" అని ఉంది. కార్డు చేతికొచ్చి మూడేళ్లు దాటింది. ఇన్నాళ్లలో దాన్ని ఎవరూ అడగలేదు, నేను ఎవరికీ చూపించలేదు. అయినా పారేయలేదు. దాని మీద నా కోపం ఇంకా తీరలేదు.

నేను కోరుకున్నది ఒకే ఒక మాట. శిల్పి. ఆ మాట ఉన్న కార్డుంటే పనిముట్లు ఇస్తారు, ప్రదర్శనలో ఒక స్టాలు ఇస్తారు. వాటికంటే ముఖ్యంగా, నా పేరు చెప్పుకుని నేనే బొమ్మ చెక్కే పని ఒప్పుకోవచ్చు. అది లేకపోతే నేను ఎవరి షెడ్డులోనో కూలీని. ప్రస్తుతం నంద్యాలలో సమాధి రాళ్ల మీద అక్షరాలు చెక్కుతున్నాను. చచ్చినవాళ్లు ఆడదాని చెయ్యి, మగవాడి చెయ్యి అని చూడరు. అదొక సుఖం.

ఆళ్లగడ్డలో శిల్పాల షెడ్లు రోడ్డు పక్కనే ఉంటాయి. బస్సులో పోయేవాళ్లకు వరసగా నిలబెట్టిన దేవుళ్లు కనిపిస్తారు. వాళ్ల వెనక రేకుల కింద కూర్చుని నీళ్లు చల్లుకుంటూ రాయి రుద్దే ఆడవాళ్లు కనిపించరు. మా అమ్మ వాళ్లలో ఒకామె. మాది చర్చి ఉన్న కాలనీ. మా దిక్కు అంత చెబితే చాలు, ఇంక కులం అడగరు. నాయన నా చిన్నప్పుడే పోయాడు. పదో తరగతి పరీక్షలు అయిన ఎండాకాలం అమ్మ నన్ను వెంట తీసుకుపోయింది. సెలవులకని పోయినదాన్ని పంతొమ్మిదేళ్లు అక్కడే ఉండిపోయాను.

ఉలి పని అయిన విగ్రహం మా దగ్గరికి గరుగ్గా, ఒళ్లంతా తెల్లటి గాట్లతో వస్తుంది. ముందు ముతక సానరాయి, తర్వాత సన్నది, తర్వాత గరుకు కాగితం, చివర గుడ్డ. రుద్దేకొద్దీ తెలుపు పోయి నలుపు పైకి వస్తుంది. మధ్యమధ్యలో ముఖం దగ్గరగా పెట్టి ఉఫ్‌మని దుమ్ము ఊది, వెలుతురుకు ఏటవాలుగా చూడాలి. గీత ఎక్కడైనా మిగిలిపోతే అట్లా చూస్తేనే తెలుస్తుంది. ఊదడం, చూడటం మాకు రెప్ప వేసినంత అలవాటు. ఆ అలవాటే తర్వాత నా కొంప ముంచింది, అందుకే ముందే చెబుతున్నాను.

షెడ్డులో ఎవరూ రాసిపెట్టని పద్ధతులు కొన్ని ఉండేవి. మా చిన్నాయన బండరాళ్లను మోటుగా కొట్టి ఆకారానికి తెచ్చేవాడు. మా కాలనీ వాడే అయినా సుత్తీ ఉలీ అతని చేతిలో ఉండేవి. నీళ్లు మాత్రం బయట డ్రమ్ములో తాగాలి. పాలిష్ వరసలో మా పక్కన ఒక పెద్ద కులపామె కూర్చునేది. మొగుడు పోయి, పొలం పోయి కూలికి దిగినామె. ఆమె లోపల యజమాని వంటింట్లోకి పోయి కుండలో నీళ్లు ముంచుకుని తాగేది. ఒకసారి కింద పడిన ఉలి తీసి పక్కన పెట్టినందుకు మాత్రం, ఆడదానికి ఉలితో ఏం పని అని ఆమెను గట్టిగా కసురుకున్నారు. చిన్నాయనకు ఉలి ఉంది, కుండ లేదు. ఆమెకు కుండ ఉంది, ఉలి లేదు. నాకు రెండూ లేవు.

ఇది నాకు పదహారేళ్లకే అర్థమైంది. చిన్నాయనతో అంటే, నీళ్లు యాడ తాగితే ఏముంది పాపా అన్నాడు. ఆ పెద్ద కులపామెతో అంటే, మనం మనం ఆడోళ్లమే కదా అని నా భుజం తట్టి, లోపలికి పోయి నీళ్లు తాగి వచ్చింది. ఆ తర్వాత ఎవరితోనూ అనలేదు. ఇంకొకసారి కారులో వచ్చిన ఒక పెద్దింటావిడ సరదా పడితే ఆమె చేతికి ఉలి ఇచ్చి, సుత్తి ఇచ్చి, ఫొటోలు తీసి టీ తాగించి పంపారు. ఆడదాని చెయ్యి పడితే అపచారమన్న రాయి ఆ రోజు నోరెత్తలేదు. ఆ మధ్యాహ్నమే నేను ఒక విరిగిన ఉలి దొంగిలించాను.

అన్నాల వేళ అందరూ కునుకు తీస్తుంటే, షెడ్డు వెనక పారేసిన ముక్కల మీద చెక్కేదాన్ని. మొదట వేళ్లు, తర్వాత పెదాలు, ముక్కుపుడక. ఇంతమంది ముఖాలు రుద్దిన చేతికి ముఖం ఎక్కడ ఎత్తు, ఎక్కడ పల్లమో ముందే తెలుసు. ఉలి దాని వెనకే పోయేది. చేసినవన్నీ అక్కడే మట్టిలో కప్పేసేదాన్ని. ఎన్నాళ్లు గడిచాయో కానీ, ఒకరోజు తలెత్తితే షెడ్డు యజమాని, మా పెద్దాయన నిలబడి ఉన్నాడు. అప్పటికే ముసలాయన. ఆళ్లగడ్డలో ఆయన చెక్కే ముఖాలకు పేరు. తిడతాడని లేచి నిలబడ్డాను. ఆయన నా చేతిలోని ముక్క తీసుకుని బొటనవేలితో తడిమి, పెదవి కింద లోతు తక్కువైందని చెప్పి వెళ్లిపోయాడు. మర్నాడు నా సానరాళ్ల గిన్నెలో మంచి ఉలి ఒకటి ఉంది.

ఆయన చెయ్యి వణకడం మొదలైంది ఆ రోజుల్లోనే. ముఖం పని వచ్చినప్పుడల్లా గోనెపట్టాలు కుట్టిన పరదా కట్టించుకుని లోపల కూర్చునేవాడు. ముఖానికి వెంటవెంటనే పాలిష్ పడాలన్న సాకుతో నన్ను పిలిచేవాడు. పరదా లోపల ఉలి నా చేతికి వచ్చేది, ఆయన పక్కన కూర్చుని నోటితో దారి చూపేవాడు. బయట ఎవరికీ అనుమానం రాలేదు. పాలిష్ కూలీ లోపల ఉంటే లోపల మనిషి ఉన్నట్టు కాదు. ఏడేళ్లు ఆ షెడ్డు నుంచి పోయిన ముఖాలు చాలావరకు నావి. పేరు ఆయనది. ఆ రోజుల్లో నాకు అది బాధ అనిపించలేదు, నిజం చెప్పాలంటే గర్వంగా ఉండేది. ఆ గర్వాన్ని చెప్పుకోడానికి మనిషి లేకపోవడమే కష్టమైంది.

అమ్మకు చెప్పలేదు. అప్పటికే రాతి దుమ్ము ఆమె ఊపిరితిత్తుల్లో చేరింది, మాట కంటే దగ్గు ఎక్కువ. ఆమె పోయాక ఇంట్లో చెప్పుకోవాల్సిన మనిషే లేకపోయింది. చర్చిలో చెప్పే వీలు అసలే లేదు. మా కాలనీలో సగం మంది ఆడవాళ్లు విగ్రహాలు రుద్దుతారు, అది కడుపు కోసం చేసే కూలి కాబట్టి పాస్టరయ్య చూసీ చూడనట్టు ఉండేవాడు. రుద్దడం వేరు, చేయడం వేరు. విగ్రహం చేసిన చేతిని చాపి, ప్రభువు శరీరమని పాస్టరయ్య పెట్టే సంస్కారం రొట్టె ఎట్లా తీసుకోను? ప్రతి ఆదివారం తీసుకున్నాను. తీసుకున్న ప్రతిసారీ భయపడ్డాను.

ఇక ఒక అమ్మవారి సంగతి. దొర్నిపాడు దిక్కు ఒక ఊరివాళ్లు చేయించుకున్నారు. మూడడుగుల నల్లరాయి. ముఖమంతా నేనే చేశాను, కండ్లు తప్ప. కండ్లు షెడ్డులో తెరవరు. గుళ్లో నిలబెట్టాక, ఎదురుగా అద్దం పెట్టి, పెద్ద శిల్పి పక్క నుంచి బంగారు సూదితో కనుపాప గీస్తాడు. అమ్మవారి మొదటి చూపు అద్దం మీద పడాలి. మనిషి మీద పడకూడదని పద్ధతి. మిగతావన్నీ నా చేత చేయించినా ఆ ఒక్కటీ ఆయన ఎప్పుడూ వదులుకోలేదు. ఆ ఏడు మాత్రం ఆయన చెయ్యి అన్నం ముద్ద నోటిదాకా తీసుకుపోలేని స్థితికి వచ్చింది.

ఒక మధ్యాహ్నం కరెంటు పోయి మిషన్లన్నీ ఆగిపోయి, పనివాళ్లు చెట్టు కిందికి పోయారు. ఆయన పరదా కట్టుకుని నన్ను పిలిచాడు. స్నానం చేసి వచ్చినావా అని అడిగాడు. చేశానన్నాను. అద్దం ఒకటి తెచ్చి అమ్మవారి ముందు రెండు చేతులతో పట్టుకున్నాడు, చేతులతోపాటు అద్దం కూడా వణుకుతోంది.

"నువ్వే తెరిపించు పాపా. ఈడనే. పక్కన కూర్చో, ఎదురుగా రాగాకు."

పక్కన కూర్చుని చెక్కాను. అంత సన్నటి పని ముందెప్పుడూ చేయలేదు, ఆ తర్వాతా చేయలేదు. కుడి కన్ను అయింది, ఎడమ కన్ను అయింది. గీతలో దుమ్ము నిలిచింది. అంతే, ఏళ్ల నాటి అలవాటు. అద్దానికీ ఆమెకూ మధ్య తల దూర్చి, ముఖానికి ముఖం పెట్టి ఉఫ్‌మని ఊది, వెలుతురుకు చూశాను. ఆమె నన్ను చూసింది.

నేను కదలలేకపోయాను. నేను చేసిన గీతలే అని నాకు తెలుసు. అయినా నా జన్మలో నన్ను ఎవరూ అంత సూటిగా చూడలేదు. ఏం చేశానో అర్థమై పక్కకు జరిగేసరికి ఆయన అద్దం కిందికి దించేశాడు. ముఖంలో రక్తం లేదు.

"సూసినావా?"

"సూసినా సామీ. ఊదినా. మరిచిపోయి."

తిట్టలేదు. మైనంలో దీపపు మసి కలిపి తెమ్మన్నాడు. దాన్ని కండ్ల మీద సన్నగా అద్ది, రాయి రంగులో కలిసిపోయేట్టు నున్నగా చేశాం. గుళ్లో నిలబెట్టిన రోజు ఆయన బంగారు సూదితో మైనం గీకేశాడట. చెయ్యి వణికినా మైనమే కదా, పోయింది. కండ్లు చూసి జనం దండాలు పెట్టారట, ఆ ముసలి చేతిలో ఇంకా ఎంత పని ఉందో అన్నారట. చిన్నాయన చూసి వచ్చి చెప్పాడు. నేను సానరాళ్లు కడుగుతూ విన్నాను.

నంద్యాల జిల్లా అయ్యాక ఆఫీసులు దగ్గరయ్యాయి. చేతివృత్తులవాళ్లకు కార్డులు ఇస్తున్నారని, శిల్పులైతే షెడ్డు యజమాని ఫలానా మనిషి శిల్పి అని రాసి సంతకం చేయాలని తెలిసింది. రాత్రంతా మాటలు కూర్చుకుని పొద్దున్నే పెద్దాయన దగ్గరికి పోయాను. కాగితం నేనే రాసి తీసుకుపోయాను, ఆయన సంతకం పెడితే చాలు. ఆయన చదివి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నువ్వు శిల్పివే. నా అట్లాంటి దానివే. కానీ ఈ కాగితం మీద సంతకం పెడితే ఏ ముఖాలు చేసినావని అడుగుతారు పాపా. అడిగితే ఆ అమ్మ దాకా పోతాది. ఆమెను గుళ్లోంచి తీసి బయట పెడతారు."

అట్లైతే నేనెప్పటికీ బయటే ఉండాల్నా సామీ అని అడిగాను. ఆయనకు కండ్లలో నీళ్లు తిరిగాయి. నాకు ఆ నీళ్ల మీద జాలి కలగలేదు, కోపం వచ్చింది. ఏడవాల్సింది నేను.

ఎవరూ రాసివ్వకపోయినా పోయి అడుగుదామని, ఫోనులో ఫొటోలు పెట్టుకుని నేనే ఆఫీసుకు పోయాను. గుమస్తా చెడ్డవాడు కాదు, అలసిపోయినవాడు. ఆడవాళ్ల జాబితా తీశాడు, అందులో కుట్టుపని, బుట్టలు, అగరబత్తులు ఉన్నాయి, రాయి లేదు. శిల్పుల జాబితా తీశాడు, అందులో ఉన్నవాళ్లంతా తండ్రి నుంచి కొడుక్కు వచ్చినవాళ్లు, నా నాయన శిల్పా అని అడిగాడు. కాదన్నాను. ఎస్సీలకు వేరే జాబితా ఉంది కానీ నా సర్టిఫికెట్‌లో క్రైస్తవురాలని ఉంది కాబట్టి అందులోకి రాను. ఫొటోలు చూపించాను. అవి నేనే చేశానన్న రుజువేదని అడిగాడు. నా చేతులు చూపించాను. ఆయన నిజంగానే వంగి చూశాడు పాపం.

"ఇయ్యి పాలిష్ చేసే చేతులు కదమ్మా," అన్నాడు. "అది రాస్తా. ఏదో ఒక కార్డన్నా ఉంటాది."

ఒక్కో జాబితాలో ఒక్కో తలుపు ఉంది. నేను మాత్రం మూడు తలుపుల మధ్య వరండాలో నిలబడ్డాను. నిజం నోటిదాకా వచ్చింది. ఫలానా గుళ్లో అమ్మవారి కండ్లు నావి, పోయి చూసుకోండి అంటే సరిపోయేది. ఆ ఊళ్లో గొడవ, పెద్దాయన పరువు, కాలనీలో నా బతుకు, చర్చిలో నా చోటు, అన్నీ ఒక్క దెబ్బకు పోయేవి. ఆమె కూడా పోయేది. ఆమెను బయట ఎండలో పడేస్తారన్న మాట నాకు అన్నిటికంటే ఎక్కువ తగిలింది. కార్డు తీసుకుని బస్టాండుకు నడిచాను. ఆ వారమే షెడ్డు మానేశాను.

నంద్యాలలో సమాధి రాళ్ల దుకాణం నడిపే భాయ్‌కి అక్షరాలు చెక్కే మనిషి కావాల్సి వచ్చింది. నన్ను ఒక పలక మీద రాయమన్నాడు, చూశాడు, రేపటి నుంచి రమ్మన్నాడు. మూడేళ్లలో ఆయన నా కులం అడగలేదు, నేనూ ఆయన్ను ఏమీ అడగలేదు. వచ్చేవాళ్లు మాత్రం నన్ను చూసి మేస్త్రీ ఎక్కడని అడుగుతారు. నేనే అంటే భాయ్ వైపు చూస్తారు. ఆయన తల ఊపితే అప్పుడు నమ్ముతారు. సాయంత్రం రైల్వే గేటు అవతల నా గదికి పోతాను. అన్నం వండుకుంటాను. పక్కగది వాళ్లకు నేను దుకాణంలో లెక్కలు రాసే మనిషినని చెప్పాను. సమాధి రాళ్లు అంటే పిల్లల్ని నా దగ్గరికి రానివ్వరు. ఇట్లా ఒక్కో చోట ఒక్కోటి దాచుకుంటూ వస్తే, పూర్తిగా నన్ను తెలిసిన మనిషి ఎక్కడా మిగల్లేదు.

ఒక్కసారి ఆ గుడికి పోయాను. ఆదివారం చర్చి అయ్యాక బస్సెక్కాను. బొట్టు పెట్టుకోవాలా వద్దా అని దారంతా తన్నుకులాడి, పెట్టుకోకుండానే దిగాను. వరసలో నిలబడితే ముందున్న ఒక పెద్దామె వెనక్కి తిరిగి నా నుదురు చూసి, ఏ ఊరు, ఎవరింటి దానివని మర్యాదగానే అడిగింది. కాలనీ పేరు చెప్పాను. ఆమె కొంచెం ముందుకు జరిగింది. ఇంకెవరో వచ్చి, స్తంభం దగ్గర నుంచి బాగా కనిపిస్తుంది, అక్కడ నిలబడమ్మా అన్నారు. నిలబడ్డాను. ఒళ్లంతా పసుపూ పట్టుచీరా, ముఖం చుట్టూ నిమ్మకాయల దండ. కండ్లు మాత్రం అవే. ఆమె నన్ను గుర్తుపట్టిందని చెప్పను, రాయి రాయే. కానీ ఆ గుళ్లో నాకు తెలిసినదంటూ ఆమె ఒక్కతే ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. భక్తి అనుకున్నారేమో, ఎవరో నాకు కుంకుమ తెచ్చి కాగితంలో పెట్టి, చెయ్యి తగలకుండా నా అరచేతిలో పైనుంచి వేశారు.

పోయిన ఎండాకాలం పెద్దాయన పోయాడు. నాకు ఎవరూ కబురు చెప్పలేదు. నెల దాటాక ఆయన కొడుకు నల్లరాయి పలక ఒకటి ఆటోలో వేసుకుని దుకాణానికి వచ్చాడు. వాళ్ల కులంలో మనిషిని పూడ్చిపెడతారు. సమాధికి రాయి కావాలి.

"నా రాయి నీతోనే చేపియ్యమని చెప్పి పోయినాడక్కా నాయన," అన్నాడు. "ఎందుకో మరి."

ఎందుకో అతనికి తెలుసు. అతని కండ్లు నా ముఖం మీద నిలవలేదు. నేను ఉలి కింద పెట్టి, ఇప్పుడన్నా ఒక కాగితం రాసిస్తావా అబ్బీ, మీ షెడ్డులో ముఖాలు నేను చేసినానని, అని అడిగాను. అతను పలక అంచును చేత్తో తుడిచాడు.

"ఇప్పుడెందుకులేక్కా అయ్యన్నీ. నాయనే పోయినాడు."

చెక్కాల్సిన మాటలు రాసిన చీటీ ఇచ్చి, సాయంత్రం వచ్చి తీసుకుపోతానని పోయాడు. పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. వాటి కింద ఒక్క మాట. శిల్పి.

రోజంతా పట్టింది. ఆయన రాయి కాబట్టి తొందరపడలేదు. పేరు చెక్కాను, తేదీలు చెక్కాను. చివరి మాట దగ్గర ఆగి, ఉలికి పదును పెట్టుకుని మళ్లీ మొదలుపెట్టాను. అయిపోయాక ముఖం దగ్గరగా పెట్టి దుమ్ము ఊది, వెలుతురుకు చూశాను. ఒక్క గీత కూడా తప్పు పోలేదు. ఆ మాటను రాతి మీద చెక్కడం నాకు అదే మొదలు.

ఆ మాట కింద ఇంకొక పేరు పట్టేంత జాగా మిగిలింది. ఉలి చేతిలోనే ఉంది. భాయ్ లోపల నమాజులో ఉన్నాడు, కొడుకు ఇంకా రాలేదు. ఆ జాగా వైపు చాలాసేపు చూశాను. తర్వాత ఉలి పక్కన పెట్టి, సన్న సానరాయి తీసుకుని, నీళ్లు చల్లి, దాన్ని నున్నగా పాలిష్ చేసి ఇచ్చేశాను.